రామేశ్వరానికి రెండు రోజులు

మదురై, కోయంబత్తూరు ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి సముద్రాన్ని చూడాలన్న కోరిక కలిగితే మొదట తలపుకు వచ్చే ఊరు రామేశ్వరం. సేతువు వద్ద ఇసుక తీసుకొనిపోయి గంగలో కలిపి, అక్కడి గంగాజలాన్ని తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయించడం పూర్వాచారం. పెద్దలకు అది యాత్ర, పిల్లలకు సెలవుల విహారం. ఎవరు వెళ్ళినా మొదట తేల్చుకోవలసినది ఏ నెలలో వెళ్ళాలన్నది.

ఆంధ్రదేశంలో జూన్ నుండి సెప్టెంబరు వరకు వానలు కురిపించే నైరుతి ఋతుపవనాలు ఈ తీరానికి అంతగా అందవు. పడమటి కనుమలు వాటిని అడ్డగిస్తాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనాలే ఇక్కడ వర్షాలు తెస్తాయి. బంగాళాఖాతంలో తుపానులు తరచుగా పుట్టేదీ ఆ నెలలలోనే. అర్ధసంవత్సర పరీక్షలు ముగిసి సెలవులు వచ్చేది కూడా డిసెంబరు చివరనే కావడం చిక్కు. 1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో రామేశ్వరం దీవి కొసనున్న ధనుష్కోటి పట్టణం నాశనమైంది. పాంబన్ నుండి అక్కడికి పోతున్న పాసింజరు రైలును అలలు ముంచివేశాయి. అందులోని నూరుమందికి పైగా ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి పాంబన్ రేవులో తుపాను హెచ్చరిక సంఖ్య ఎత్తారని వార్తలలో వింటే, టిక్కెట్టు డబ్బు పోయినా సరే, ప్రయాణం వాయిదా వేసుకోవాలి.

జనవరి నుండి మార్చి వరకు అనువైన కాలం. పొంగలి సెలవులు అందుకు తగినవి. అయితే తమిళుల తై, ఆడి నెలల అమావాస్యలకు లక్షలాది జనం స్నానాలకు వస్తారు. ఆ రోజులలో బస దొరకడం కష్టం. వేసవి సెలవులలో వెళ్ళేవారికి ఎండ సరే, మరొక లోటు ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుండి 61 రోజులు మరపడవల వేటను ప్రభుత్వం నిషేధిస్తుంది. రేవు సందడి చూడాలని ఉబలాటపడే పిల్లలకు ఒడ్డున కట్టివేసిన పడవలే కనిపిస్తాయి.

కోయంబత్తూరువారు మదురై చేరి, అక్కడినుండి సుమారు 170 కిలోమీటర్లు పోవాలి. మండపం దాటగానే సముద్రం మీది వంతెన వస్తుంది. 1914లో ప్రారంభమైన పాత రైలు వంతెన మధ్యభాగం ఓడలు వచ్చినప్పుడు రెండుగా విడివడి పైకి లేచేది. దానిమీద రైళ్ళు 2022 డిసెంబరులో ఆగిపోయాయి. 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొత్త వంతెనలో 72.5 మీటర్ల మధ్యభాగం నిట్టనిలువుగా పైకి లేస్తుంది. రైలులో కూర్చున్నవారికి కిటికీలోనుండి నీళ్ళు మాత్రమే కనిపిస్తాయి. వంతెన అందం చూడాలంటే ప్రక్కనే ఉన్న రోడ్డు వంతెన మీద బస్సులో పోవడమే మేలు.

మొదటి రోజు ఆలయానికి చాలు. ముందు అగ్నితీర్థమనే సముద్రస్నానం, తరువాత ఆలయంలోని 22 తీర్థాల స్నానం, ఆపైన పొడిబట్టలతో దర్శనం. ఒక జత బట్టలతో వెళ్ళినవారు తప్పక చిక్కుపడతారు.

రెండవ రోజు ఉదయమే ధనుష్కోటికి బయలుదేరాలి. అక్కడ నీడ లేదు. త్రాగునీరు, గొడుగు వెంట ఉండాలి. అరిచల్‌మునై అనే కొస వరకు 2017 నుండి మంచి రోడ్డు ఉంది. ఒక ప్రక్క పాక్ జలసంధి, మరొక ప్రక్క మన్నారు సింధుశాఖ. జాలరులు మొదటిదాన్ని ఆడ కడలి అనీ, రెండవదాన్ని మగ కడలి అనీ అంటారు. ఆడ కడలి సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది గాని, ఈశాన్యపు గాలులకు అదీ పొంగుతుంది. రెండు నీళ్ళూ కలిసే చోట లోపలి ప్రవాహాలు మనిషిని లాగివేస్తాయి. అక్కడ స్నానానికి దిగరాదు.

తిరిగివచ్చే దారిలో పాత చర్చి గోడలు, రైల్వేస్టేషను శిథిలాలు కనిపిస్తాయి. ఒకప్పుడు మద్రాసు నుండి వచ్చిన రైలు దిగి, జనం ఇక్కడే ఓడ ఎక్కి సింహళంలోని తలైమన్నారుకు పోయేవారు. ఇప్పుడు ఆ గోడల ప్రక్కన జాలరి కుటుంబాలు గవ్వలు, శంఖాలు అమ్ముతుంటాయి. ప్రొద్దు వాలకముందే సందర్శకులను వెనుకకు పంపివేస్తారు. కనుక మదురై రైలుకు టిక్కెట్టు ఆ రాత్రికి తీసుకుంటే చాలు.