చేపనూనె గొట్టాలు – గుండె బిళ్ళలు

"సిస్టరమ్మా, మా అబ్బాయి అమెరికా నుంచి చేపనూనె గొట్టాలు పంపించాడు. గుండెకు మంచివట కదా, వేసుకోనా?" ఈ ప్రశ్న మాకు ఓ.పి.లోనే కాదు, ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద కూడా ఎదురవుతోంది. అడిగినవారితో చిక్కు లేదు. అడగకుండా వేసుకునేవారి గురించే మా దిగులు.

ఒక పెద్దాయన గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకుని ఇంటికి వెళ్లారు. నాలుగు నెలలకు ఛాతీ నొప్పితో అర్ధరాత్రి తీసుకొచ్చారు. బిళ్ళలు సరిగా వాడుతున్నారా అని అడిగితే, "ఇంత ఖరీదైన గొట్టాలు వేసుకుంటుంటే అవన్నీ ఎందుకని మానేశానమ్మా" అన్నారు. ఆ మానేసినవాటిలో స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా చూసే బిళ్ళ కూడా ఉంది! ప్రభువు కృపవలన బ్రతికి బయటపడ్డారు గాని, గుండె కండరం కొంత దెబ్బతిన్నది. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

చేపనూనెకు మంచి పేరు ఊరికే రాలేదు. 1999లో ఇటలీలో గుండెపోటు వచ్చినవారికి రోజుకు 1 గ్రాము ఒమేగా-3 ఇస్తే మరణాలు కొంత తగ్గాయి. కాని 2018లో బ్రిటన్‌లో 15 వేల మందికి పైగా షుగరు ఉన్నవారిలో సగం మందికి రోజూ 1 గ్రాము గొట్టం, సగం మందికి ఆలివ్ నూనె గొట్టం ఇచ్చి చూస్తే గుండెపోటు, పక్షవాతం విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. విటమిన్-ఇ వల్ల కూడా గుండెకు లాభం లేదని 2000లోనే తేలింది. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువగా ఉన్న కొందరికి డాక్టరుగారు ఒక రకం ఒమేగా-3ను పెద్ద మోతాదులో రాస్తారు. అది వేరే సంగతి. దానివల్ల గుండె లయ తప్పే అవకాశమూ ఉంది, సొంతంగా కొనుక్కునేది కాదు.

వాల్వు మార్పిడి జరిగి, రక్తం పలచబడే బిళ్ళలు వాడేవారు మరీ జాగ్రత్త. కొన్ని మల్టీవిటమిన్లలో విటమిన్-కె ఉంటుంది. వార్ఫరిన్ వంటి బిళ్ళ పనిని అది తగ్గిస్తుంది, వాల్వు మీద గడ్డ కట్టవచ్చు. వెల్లుల్లి గొట్టాలు, ఎక్కువ మోతాదు చేపనూనె అయితే రక్తస్రావం కావచ్చు. తోటకూర, పాలకూర మానమని కాదు. ఒక వారం బొత్తిగా మాని, మరో వారం రోజూ తినకుండా ఎప్పుడూ ఒకే తీరుగా తినండి.

చేప మీద నమ్మకం ఉన్నవారు వారానికి రెండుసార్లు కవళ్ళో, కానాగంతలో పులుసు పెట్టుకోండి. వేపుడు వద్దు. (ఉప్పుచేప కూడా చేపే కదా అని ఒకామె మాతో వాదించింది. దానిలోని ఉప్పుకు బి.పి. పెరుగుతుంది తల్లీ!)

ఇంట్లో ఉన్న గొట్టాలను పారవేయమనడం లేదు. ఈసారి చెకప్‌కు వచ్చేటప్పుడు మీరు వేసుకునే బిళ్ళలు, గొట్టాలు, చూర్ణాలు, లేహ్యాలు అన్నీ ఒకే సంచిలో వేసి తెచ్చి, బి.పి. చూసే బల్ల దగ్గర మాకు చూపించండి. ఈలోగా డాక్టరుగారు చెప్పనిదే గుండె బిళ్ళ ఒక్కటి కూడా ఆపవద్దు. ఇప్పటికే ఆపినవారు చెకప్ తేదీ వరకు ఆగకుండా రేపే రండి. మేము కోప్పడము.