దెబ్బ కాచుకొను విద్య

బలాఢ్యుని ప్రతిష్ఠ ఎట్టిదో కృష్ణాతీరవాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. ఉయ్యూరు చెంతనున్న గండిగుంటలో జన్మించి, 1951లో ఢిల్లీ నగరాన జరిగిన తొలి ఆసియా క్రీడలలో బరువులెత్తి కాంస్యపతకం గెలిచి, పిమ్మట 1963 నాటి ‘నర్తనశాల’ చిత్రంలో భీమసేనుడై తెరమీద నిలిచిన దండమూడి రాజగోపాలరావు పేరనే విజయవాడ ఇండోర్ స్టేడియం వెలయుచున్నది. భీముని మెచ్చుకొనుట మనకు చిన్ననాటి అలవాటు. అతని ఎదుట నిలువవలసివచ్చినవాని పక్షాన మాత్రం ఆలోచించువారు అరుదు.

శల్యపర్వంలోని గదాయుద్ధ ఘట్టంలో ఆ ఆలోచన కలదు. గురూపదేశం ఇరువురికీ సమానమే గాని భీమునిది బలము, దుర్యోధనునిది అభ్యాసము అని శ్రీకృష్ణుడు అర్జునునితో తేల్చి చెప్పినాడు. పదమూడేండ్లపాటు ఇనుప భీముని ఎదుట నిలిపికొని గద తిప్పినవాడు దుర్యోధనుడు. దెబ్బ వచ్చు దారిని అతడు కంటితో గాక ఒడలితోనే ఎరుగును. అట్టివాడు కడపట దెబ్బ తప్పుకొనుటకు పైకెగిరినాడు. ఎగురునని కనిపెట్టి భీముడు తొడలపై కొట్టినాడు. అందలి ధర్మాధర్మ విచారం పౌరాణికులకు విడిచి బాక్సింగ్ కోచ్ కంటితో చూచినచో, ఆ పతనానికి కారణం వేరుగా తోచును: తప్పుకొను తీరు ఎదుటివానికి ముందుగా తెలిసిపోయినది.

భయంకరమైన పంచ్ గలవానికి దడిసి వెనుకకు పరుగిడుటయే రక్షణ యని సామాన్యులు తలతురు. నిజానికి తిన్నగా వెనుకకు పోవువాడే త్వరగా పడును. పంచ్ పిడికిట పుట్టదు. పాదం నేలను తన్ని, తుంటి తిరిగి, భుజం సాగి, మోచేయి విచ్చుకొను చివరి క్షణాన అది పండును. వెనుకకు అడుగువేయువాడు ఆ పండిన చోటికే తన గడ్డాన్ని అందించును. కనుక ఎరిగినవాడు రెండు తావులలోనే నిలుచును: దెబ్బ అందనంత ఎడంగానో, చేయి సాగుటకు చోటులేనంత దగ్గరగానో. నడుమనున్న మూరెడు నేల పంచ్ గలవానిది. కుడిచేతివానితో తలపడునపుడు తన కుడివైపునకే చుట్టితిరిగినచో అతని కుడిచేతికి దూరమగును గాని, ప్రక్కనుండి వంపుగా వచ్చు ఎడమ హుక్ అటే కాచుకొని యుండును. అందువల్ల ఒకే వైపు తిరుగుటయూ ప్రమాదమే. మరొక మాట: మనిషిని పడగొట్టునది తరచుగా అన్నింటికన్న బలమైన దెబ్బ కాదు, కంటబడని దెబ్బ. చూచిన దెబ్బకు మెడ బిగియును, తల దానితోపాటు కొంత ఒరిగి దాని వేగాన్ని మింగును.

ఈ విద్యకు పరాకాష్ఠ 1974 అక్టోబరు 30న, జైర్ దేశపు కిన్షాసాలో తెల్లవారుజామున జరిగిన పోరు. జార్జ్ ఫోర్‌మన్‌కు అప్పటికి ఇరువదియైదేండ్లు. నలుబది పోటీలాడి నలుబదీ గెలిచినాడు, వానిలో ముప్పదియేడు నాకౌట్లు. అంతకు ముందటి ఏడాది జో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుమారులు నేలగూల్చినాడు. ముప్పదిరెండేండ్ల మొహమ్మద్ అలీ రింగంతా తేలియాడుచు తప్పించుకొనునని అందరూ ఎదురుచూచిరి. మొదటి రౌండులో అతడు, ఎవరూ ఊహింపని రీతిని, ముందు ఎడమచేతి సూటి దెబ్బయగు జాబ్ విసరకయే కుడిచేతితో నేరుగా తలపై కొట్టినాడు. రెండవ రౌండు మొదలుకొని రింగు తాళ్ల కానుకొని నిలిచినాడు. మూలనున్న కోచ్ ఏంజెలో డండీ తాళ్లు విడిచి రమ్మని గొంతు చించుకొనెను. అలీ వినలేదు.

ఆ నిలుకడను దగ్గరగా చూడవలెను. గ్లవ్స్ రెండును చెంపలకు, మోచేతులు డొక్కలకు ఆనినవి. నడుము పైభాగం తాళ్లపైనుండి ప్రేక్షకులవైపు వంగినది. ఫోర్‌మన్ భారీ దెబ్బలు చాలవరకు చేతులమీదను భుజాలమీదను పడినవి, తలకు గురిపెట్టినవి వెనుకకు వంగిన గడ్డానికి అందక గాలిలో పోయినవి. దగ్గరకు వచ్చినపుడెల్ల అలీ అతని మెడను చేతితో క్రిందికి నొక్కి, తన బరువంతయు దానిపై మోపెను. నడుమ నడుమ చటుక్కున రెండు మూడు జాబ్‌లు. మన ప్రకాశం బ్యారేజీ చేయు పనియు ఇట్టిదే. 2024 సెప్టెంబరు మొదట 11 లక్షల క్యూసెక్కులకు పైబడి వరద వచ్చినపుడు అది కృష్ణను ఆపబూనలేదు, డెబ్బది గేట్లూ ఎత్తి సాగనంపినది. ఎనిమిదవ రౌండు చివర ఫోర్‌మన్ చేతులు బరువెక్కి వ్రేలాడుచుండగా, అలీ తాళ్లనుండి తిరిగి ఎడమ హుక్, వెంటనే కుడి పంచ్ వేసినాడు. ఫోర్‌మన్ ప్రక్కకు తిరుగుచు కూలినాడు.

ఇది చదివి తాళ్ల కానుకొనుటయే ఉపాయమని ఎవరైనా తలచినచో పొరపాటు. దెబ్బలు తినగల దేహం అలీకి ఉండెను. దానికి అతడు చెల్లించిన మూల్యం తరువాతి ఏండ్లలో లోకమెల్ల చూచినది. అంతకన్న నాకు ప్రియమైన ఉదాహరణ బిల్లీ కాన్. 1941 జూన్ 18న న్యూయార్క్‌లో, తనకన్న ఇంచుమించు ఇరువదియైదు పౌండ్ల బరువెక్కువ గల జో లూయీతో పండ్రెండు రౌండ్లు చురుకైన పాదాలతో ఆడి, ఇద్దరు అధికారుల లెక్కలో ముందున్నాడు. మరి మూడు రౌండ్లు అట్లే తిరిగియున్నచో ప్రపంచకిరీటం అతనిదే. పండ్రెండవ రౌండులో లూయీ తూలుట చూచి, పడగొట్టవలెనను కోరిక పుట్టి, పదమూడవ రౌండులో ఎదురెక్కినాడు. ఆ రౌండు ముగియుటకు రెండు సెకండ్లుండగా తానే నేలనుండి లేవలేకపోయినాడు. చప్పట్ల ఆశను ఓర్చుకొనుట రక్షణయోధునికి పంచ్‌ను ఓర్చుటకన్న కష్టమేమో.

మన అమెచ్యూర్ రింగులో ఇంత తీరిక లేదు. మూడేసి నిమిషాల మూడు రౌండ్లు, అయిదుగురు జడ్జీలు. ఎదుటివాడు అలసిపోవునని కాచుకొని కూర్చున్నవాడు పాయింట్లలోనే ఓడును. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేతయైనది ఈ తొందరలోనే. ఇక్కడ దెబ్బ తప్పుకొనిన తక్షణమే బదులు దెబ్బ వేయవలెను. తప్పుకొనుటకు వేరుగా మార్కులు లేవు.

వృత్తి బాక్సింగ్‌లోనూ తప్పుకొనుట ఒక్కటే గెలుపు తెచ్చిపెట్టదనుటకు జిమ్మీ యంగ్ సాక్షి. ఫిలడెల్ఫియాకు చెందిన ఈ మెత్తని చేతులవాడు 1976లో అలీతో పదిహేను రౌండ్లాడి, చిక్కువచ్చినపుడెల్ల తలను తాళ్ల నడుమనుండి బయటికి పెట్టి, తాళ్ల విద్యకు ఆచార్యుడైన అలీనే విసిగించినాడు. తీర్పు అలీకి పోయినది. 1977 మార్చి 17న ప్యూర్టోరికోలోని సాన్ హువాన్‌లో ఫోర్‌మన్‌ను ఎదుర్కొని, ఏడవ రౌండులో తగిలిన దెబ్బకు కాళ్లు తడబడినను నిలద్రొక్కుకొని, పండ్రెండవ రౌండులో ఆ మహాకాయుని పడగొట్టి పాయింట్లపై గెలిచినాడు. ఫోర్‌మన్ ఆ రాత్రితో రింగు విడిచి మతబోధకుడై, పదేండ్లకు గాని మరలిరాలేదు. యంగ్‌కు మాత్రం ఆ ఏడాది నవంబరులోనే కెన్ నార్టన్‌తో జరిగిన పోటీలో జడ్జీలు ఏకాభిప్రాయం లేకయే ఓటమి వ్రాసిరి. ప్రపంచకిరీటం కొరకు పోరాడు అవకాశం ఆ తరువాత అతనికి దక్కలేదు.