తాళంచెవి చేతనున్నవారే లెక్క చెప్పాలి

దిల్‌సుఖ్‌నగర్ నుండి విజయవాడ రోడ్డున పోతే కొత్తపేట దాటి ఎల్.బి.నగర్ వస్తుంది. రంగారెడ్డి జిల్లా కోర్టులు అక్కడే ఉన్నాయి. పొద్దున్నే ఆ గేటు దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఒక చేత అన్నం డబ్బా, మరో చేత కాగితాల సంచి పట్టుకొని పోలీసు వ్యాను కోసం ఎదురుచూసే తల్లులు కనబడతారు. కేసు గెలుస్తామా ఓడతామా అన్నది వారి మొదటి దిగులు కాదు. "లోపల నా బిడ్డ ప్రాణంతో ఉన్నాడా?" అన్నదే వారి దిగులు.

ప్రియ పాఠకులారా, ఈ దిగులుకు మన తెలుగు నేల మీదనే ఒక పాత జవాబు ఉన్నది.

1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కుమారుడు రామకృష్ణారెడ్డి రిమాండు ఖైదీలుగా ఉన్నారు. తమ ప్రాణాలకు ముప్పు ఉన్నదని వారు ముందే పోలీసులకు తెలిపారు. అయినా తగిన కాపలా పెట్టలేదు. మే 5వ తేదీ దాటి తెల్లవారుజామున శత్రువులు జైలులో చొరబడి వారున్న గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి మరణించాడు, కొడుకు గాయాలతో బయటపడ్డాడు.

కొడుకు నష్టపరిహారం కోరుతూ దావా వేశాడు. జైళ్లు నడపడం సార్వభౌమాధికారానికి చెందిన పని గనుక దాని విషయంలో తనను కోర్టుకు లాగరాదని ప్రభుత్వం వాదించింది. కింది కోర్టులో దావా కొట్టివేయబడింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాత్రం 1,44,000 రూపాయలు చెల్లించాలని తీర్పు చెప్పింది. 2000లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషికి జీవించే హక్కు పోదనీ, ఆ హక్కు ముందు సార్వభౌమాధికారమనే వాదన నిలువదనీ తేల్చింది. ఈ ఒక్క మాట కోసం ఆ కుటుంబం 23 ఏళ్లు వేచి ఉండవలసి వచ్చింది.

ఇక రెండవ సంగతి మన క్రైస్తవుల ఇంటికి మరీ దగ్గరది. అది మరియమ్మ సంగతి. ఆమె ఖమ్మం జిల్లా కోమట్లగూడెం గ్రామానికి చెందిన దళిత స్త్రీ. యాదాద్రి భువనగిరి జిల్లా గోవిందాపురంలో ఒక చర్చి ఫాదర్ ఇంట్లో వంటపని చేసేది. రెండు లక్షల రూపాయలు పోయాయన్న ఫిర్యాదుపై అడ్డగూడూరు పోలీసులు ఆమెనూ ఆమె కుమారుణ్ణీ పట్టుకొన్నారు. 2021 జూన్ 18న ఆమె పోలీసుల అదుపులో ఉండగానే చనిపోయింది. కొట్టడం వల్లనే ప్రాణం పోయిందని కుటుంబమూ హక్కుల సంఘాలూ ఆరోపించాయి. పౌరహక్కుల సంఘం పి.యు.సి.ఎల్. తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది. మేజిస్ట్రేటు విచారణ జరగాలనీ, అవసరమైతే మృతదేహాన్ని వెలికితీసి తిరిగి శవపరీక్ష చేయించాలనీ కోర్టు ఆదేశించింది. జూలైలో ఒక ఎస్.ఐ.ని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగం నుండి తొలగించారు. ప్రభుత్వం కుమారునికి 15 లక్షలు, ఇద్దరు కుమార్తెలకు పదేసి లక్షలు, ఒక ఉద్యోగం, ఇల్లు ప్రకటించింది.

అప్పుడు అడ్డగూడూరు, ఎల్.బి.నగర్ రెండూ రాచకొండ కమిషనరేట్ కిందనే ఉండేవి. రెండేళ్లు గడిచాయి. 2023 ఆగస్టు 15 రాత్రి, స్వాతంత్ర్య దినోత్సవం నాడే, ఎల్.బి.నగర్ పోలీసులు ఒక గిరిజన మహిళను స్టేషనుకు తీసుకుపోయి కొట్టారన్న వార్త వచ్చింది. ఇద్దరు పోలీసులను సస్పెండు చేశారు. హైకోర్టు తనంత తానుగా ఈ విషయాన్ని విచారణకు చేపట్టింది. ఆమె బ్రతికి బయటపడింది, దేవునికి స్తోత్రం. మరియమ్మ ఇంటికి రాలేదు.

డబ్బు ఇచ్చారు గదా, ఉద్యోగాలు ఊడాయి గదా, ఇంకేమి కావాలి అని కొందరు అడుగుతారు. పరిహారం కుటుంబపు ఆకలి తీరుస్తుంది. ఉద్యోగం తీసివేయడం శాఖాపరమైన శిక్ష. ఆ గదిలో ఏమి జరిగింది, ఎవరు చేశారు అన్న ప్రశ్నకు మాత్రం సాక్ష్యాలతో కూడిన విచారణే జవాబు చెప్పాలి. నాలుగు గోడల మధ్య జరిగినదానికి బయట సాక్షులు ఉండరు. తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నదో వారే లెక్క చెప్పాలన్న న్యాయం అందుకే పుట్టింది.

చట్టం కొన్ని ఆధారాలు ఇచ్చింది. ప్రతి కుటుంబమూ వీటిని తెలుసుకొని ఉండుట మంచిది. అరెస్టు చేసినవారిని ప్రయాణకాలం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం అరెస్టు పత్రంపై సాక్షి సంతకం ఉండాలి, బంధువుకు కబురు అందాలి, నిర్బంధంలో ఉన్నవారికి 48 గంటలకొకసారి వైద్యపరీక్ష జరగాలి. ఎవరైనా కస్టడీలో మరణిస్తే న్యాయ మేజిస్ట్రేటు విచారణ జరపాలన్న నియమం 2005లో చట్టంలో చేర్చబడింది. నేడది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 196వ సెక్షనులో ఉన్నది. ఆ విచారణ గురించి వీలైనంతవరకు బంధువులకు తెలిపి, వారిని అక్కడ ఉండనివ్వాలి. 24 గంటల్లోగా జాతీయ మానవహక్కుల కమిషన్‌కు సమాచారం పంపాలని 1993 నుండే ఆదేశం ఉన్నది. వకీలును పెట్టుకొనే స్తోమత లేనివారు 15100కు ఫోను చేసి ఉచిత న్యాయసహాయం అడగవచ్చు.

ఫిలిప్పీ పట్టణంలో అపొస్తలుడైన పౌలును విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసిన సంగతి మనకు తెలుసు. మరునాడు అధికారులు చడీచప్పుడు లేకుండా వెళ్లిపొమ్మంటే ఆయన కదలలేదు. బహిరంగంగా కొట్టించినవారు తామే వచ్చి మమ్మును బయటికి తీసుకొనిపోవాలని పట్టుబట్టాడు. దండించినవారిని క్షమించగల మనిషే వారిని లెక్క అడిగాడు! క్షమాపణ వేరు, జవాబుదారీ వేరు.

మరియమ్మ పనిచేసినది మన చర్చి వంటింట్లోనే. రేపు మన ఇంట్లో ఒక వస్తువు పోతే, పనిచేసే అమ్మ మీద వేలు చూపేముందు ఆమెను ఒక్కసారి గుర్తు చేసికొందాము. మన వీధి నుండి ఎవరినైనా జీపు ఎక్కించుకొని పోతే, ఆ తల్లి వెంట స్టేషనుకు మనలో ఒక్కరమైనా నడుద్దాము. బయట అడిగేవారున్నారని తెలిస్తే లోపల లేచిన చెయ్యి దిగవచ్చు.