ఫోన్‌తో త్రీడీ స్కాన్: బొబ్బిలి వీణ, బుడితి చెంబు, మిక్సీ నాబ్.. ఏది వర్కవుట్ అయ్యింది?

త్రీడీ ప్రింటర్ల ధరలు బాగా దిగొచ్చాయి. చాలామంది ముచ్చటపడి ఒకటి కొంటారు, ఇంటర్నెట్‌లో దొరికిన ఫైళ్లతో నాలుగు బొమ్మలు ప్రింట్ చేస్తారు, రెండు నెలలయ్యాక అటక మీద పెట్టేస్తారు. ఎందుకంటే మనకు నిజంగా కావల్సిన వస్తువు ఫైల్ ఎక్కడా ఉండదు. విజయనగరంలో మీ ఇంట్లో విరిగిపోయిన వస్తువుకి డిజైన్ గీసి ఎవరు అప్‌లోడ్ చేస్తారు చెప్పండి? ఉన్న వస్తువునే స్కాన్ చేసి మనమే ఫైల్ తయారు చేసుకోవాలి.

దానికి ఖరీదైన స్కానర్ కావాలా, జేబులో ఉన్న ఫోన్ సరిపోతుందా? లైడార్ లేని ఒక మిడ్‌రేంజ్ ఆండ్రాయిడ్ ఫోన్‌తో మూడు వస్తువుల మీద టెస్ట్ చేశాను. ఒకటి, బొబ్బిలి నుంచి తెచ్చిన చిన్న గిఫ్ట్ వీణ. రెండోది, శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి చెంబు. మూడోది, పగిలిపోయిన మిక్సీ నాబ్.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

ఫోన్ స్కాన్ అంటే ఎక్కువగా ఫొటోగ్రామెట్రీయే. వస్తువు చుట్టూ తిరుగుతూ పదుల కొద్దీ ఫొటోలు తీస్తాం. ఒక ఫొటోలో కనిపించిన మచ్చ, గీత, అంచు పక్క ఫొటోలో ఎక్కడికి జరిగాయో సాఫ్ట్‌వేర్ పోల్చి చూసి, ఆ పాయింట్ ఎంత దూరంలో ఉందో లెక్కేస్తుంది. అలాంటి లక్షల పాయింట్లను కలిపి ఉపరితలం తయారు చేస్తుంది. పాలీక్యామ్, కిరి ఇంజిన్, రియాలిటీస్కాన్ లాంటి యాప్స్ ఈ పని చేస్తాయి. పీసీలో ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే మెష్‌రూమ్ పూర్తిగా ఫ్రీ.

1998-99లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ టీమ్ ఇటలీ వెళ్లి మైఖెలాంజెలో డేవిడ్ విగ్రహాన్ని లేజర్‌తో స్కాన్ చేసింది. దానికోసం ప్రత్యేకంగా స్కానర్లు తయారు చేయించుకున్నారు. చివరికి వచ్చిన డేటా 200 కోట్ల పాలిగన్లు. ఆ స్థాయి మన ఫోన్‌కి రాదు. కానీ అరచేతిలో పట్టే వస్తువుకి ఆ స్థాయి అవసరమూ లేదు.

మరి ఐఫోన్ ప్రోలో లైడార్ ఉంది కదా అంటారా? అది గదులు, సోఫాల్లాంటి పెద్దవాటికి బాగుంటుంది. చెంబు మీద నగిషీ దానికి దొరకదు. చిన్న వస్తువుకి ఫొటోలే బెటర్.

నేను వాడిన సెటప్

మన దగ్గర ఎండ చాలా గట్టిది. నీడ నల్లగా పడితే స్కాన్ పాడవుతుంది. అందుకే మబ్బు పట్టిన రోజు వరండాలో పెట్టుకున్నాను. స్టూల్ మీద పాత న్యూస్‌పేపర్ పరిచి, మధ్యలో వస్తువు పెట్టాను. పేపర్ మీద అక్షరాలు సాఫ్ట్‌వేర్‌కి మంచి గుర్తులు. వస్తువుని తిప్పకుండా నేనే చుట్టూ తిరిగాను. కింద నుంచి ఒక రౌండ్, మధ్యలో ఒకటి, పై నుంచి ఒకటి, మొత్తం 70 దాకా ఫొటోలు. పక్కపక్క ఫొటోల్లో కనీసం మూడింట రెండు వంతులు ఒకే భాగం కనపడాలి. మెయిన్ కెమెరా 1ఎక్స్‌లోనే తీయండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసేయండి.

టెస్ట్ 1: గిఫ్ట్ వీణ

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు చేస్తారన్నది తెలిసిందే. మా ఇంట్లో ఉన్నది షోకేస్ సైజు. దాని చివర యాళి తలకి ఎడమ చెవి విరిగిపోయింది, ముక్క కూడా దొరకలేదు.

చెక్క, దాని మీద రంగులు, చెక్కుడు గీతలు ఉన్నాయి కాబట్టి స్కాన్ మొదటిసారికే బాగా వచ్చింది. తీగలు మాత్రం రాలేదు. అంత సన్నటివి ఫొటోగ్రామెట్రీకి దొరకవు. తర్వాత బ్లెండర్‌లో కుడి సగాన్ని మిర్రర్ చేసి ఎడమ వైపు తెచ్చాను. అందులోంచి విరిగిన తల స్కాన్‌ని బూలియన్‌తో తీసేస్తే మిగిలింది పోయిన చెవి ముక్క ఒక్కటే! పీఎల్ఏలో 0.12 మిల్లీమీటర్ల లేయర్‌తో ప్రింట్ చేసి అతికించాను. సన్నటి సందు మిగిలితే, వడ్రంగులు చేసినట్టే ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి పూడ్చి రంగు వేశాను. దగ్గరగా చూస్తే అతుకు తెలుస్తుంది, షోకేస్ బయట నుంచి తెలీదు.

ఇలా చేతితో చెక్కిన, కొలతలకి లొంగని ఆకారాలకే స్కానింగ్ కరెక్ట్.

టెస్ట్ 2: బుడితి చెంబు

ఇక్కడ లక్ష్యం చెంబు అడుగు సరిగ్గా కూర్చునే ఒక స్టాండ్. తళతళలాడే ఇత్తడి స్కానింగ్‌కి పెద్ద శత్రువు. మనం కదిలితే మెరుపు కూడా కదులుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ మెరుపునే వస్తువు మీద మచ్చ అనుకుంటుంది. తేడా చూద్దామని మొదట ఏమీ రాయకుండా స్కాన్ చేశాను. గుంతలు, బొడిపెలు, మధ్యలో చిల్లులతో ఒక ముద్ద వచ్చింది.

రెండోసారి మెత్తటి బ్రష్‌తో టాల్కమ్ పౌడర్ పలచగా అద్దాను. అటు వెళ్తున్న అమ్మ ఆగి, "ఏటిరా, చెంబుకి పౌడర్ రాస్తున్నావేటి?" అంది. మెరుపు పోయింది కానీ అంతా ఒకే తెలుపు అయితే పోల్చుకోడానికి గుర్తులుండవు. అందుకని అక్కడక్కడ కుంకుమ చుక్కలు పెట్టాను. ఈసారి బయటి వంపు నీట్‌గా వచ్చింది. అయ్యాక చింతపండుతో తోమితే చెంబు మళ్లీ కొత్తదే. రాతి ముగ్గుపిండి మాత్రం వాడొద్దు, గీతలు పడతాయి.

చెంబు లోపలి భాగం ఎంత ట్రై చేసినా రాదు. మూతి సన్నం, లోపల చీకటి. కెమెరాకి కనపడనిది స్కాన్‌లో ఉండదు. స్టాండ్‌కి బయటి ఆకారం చాలు కాబట్టి పని నడిచింది.

సైజు ఎవరు చెప్తారు?

ఇక్కడే చాలామంది ప్రింట్లు వేస్ట్ అవుతాయి. మామూలు ఫొటోల నుంచి ఆకారం వస్తుంది కానీ అసలు సైజు రాదు. పైగా ఎస్‌టీఎల్ ఫైల్‌లో యూనిట్ ఉండదు. అందుకే ఒక డిజిటల్ వెర్నియర్ తప్పనిసరి. చెంబు అడుగు వెర్నియర్‌తో 68 మిల్లీమీటర్లు, స్లైసర్‌లో 71.4 చూపిస్తోంది అనుకోండి. 68ని 71.4తో భాగిస్తే 0.952. అంటే మోడల్‌ని 95.2 శాతానికి తగ్గించాలి. ఇంకో చోట కూడా కొలిచి చెక్ చేయండి. స్టాండ్ గుంతకి అర మిల్లీమీటర్ ఖాళీ వదిలితే చెంబు పట్టేయకుండా కూర్చుంటుంది.

టెస్ట్ 3: మిక్సీ నాబ్

తెల్లటి, నున్నటి ప్లాస్టిక్. లోపల డీ ఆకారపు రంధ్రం. స్కాన్‌లో అంచులు కరిగిన సబ్బులా వచ్చాయి. దీన్ని స్కాన్ చేయనే అక్కర్లేదు. వెర్నియర్‌తో ఐదు కొలతలు తీసుకుని టింకర్‌క్యాడ్‌లో గీస్తే అరగంట పని. గుండ్రం, చతురస్రం, రంధ్రం ఉండే వస్తువులన్నిటికీ ఇదే రూల్. మోటార్ వేడి తగిలే చోట పీఎల్ఏ వద్దు, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పీఈటీజీ వాడండి.

కాపీ చేసి అమ్మొచ్చా?

స్కాన్ ఫైల్ చేతిలో ఉంటే ఈ ఆలోచన ఎవరికైనా వస్తుంది. బొబ్బిలి వీణకీ, బుడితి ఇత్తడి పనికీ జీఐ గుర్తింపు ఉంది. జీఐ కాపాడేది ఆ పేరుని. ప్లాస్టిక్ ప్రింట్‌కి ఆ పేరు పెట్టి అమ్మితే చట్టంతో చిక్కే. చట్టం మాట పక్కన పెట్టినా, ఆ గిఫ్ట్ వీణలు కూడా గొల్లపల్లి పనివాళ్ల సంపాదనలో భాగమే. నా లెక్క సింపుల్: మన ఇంట్లో వస్తువు బాగు చేసుకోడానికి స్కాన్ చేద్దాం, కొత్తది కావాలంటే వాళ్ల దగ్గరే కొందాం.

పోనీ పెద్ద వీణని స్కాన్ చేసినా నాదం రాదు. అది పనసచెక్కలో, కుండని లోపల ఎంత మందాన తొలిచారన్నదాంట్లో ఉంది. స్కాన్‌కి దొరికేది పైతొడుగు మాత్రమే.

చివరగా ఒక టిప్

సొంత ప్రింటర్ లేకపోతే ఊళ్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న స్కూల్‌లో అడిగి చూడండి, లేదా ఫైల్‌ని ప్రింట్ సర్వీస్‌కి పంపండి. పని అయిపోయాక ఎస్‌టీఎల్ ఒక్కటే ఉంచుకుని ఫొటోలు డిలీట్ చేయకండి. ఒరిజినల్ ఫొటోలు, వెర్నియర్ కొలతలు రాసిన ఒక నోట్, రెండూ ఒకే ఫోల్డర్‌లో దాచండి. రెండేళ్ల తర్వాత ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వస్తే అవే ఫొటోల నుంచి ఇంకా మంచి మోడల్ తీయొచ్చు. అప్పటికి ఆ వస్తువు ఇంకాస్త విరిగిపోయి ఉన్నా సరే.