మేనరికం కాకపోయినా చుట్టాలే!

ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు కూడా వేసేశారు. కానీ రోగి తనంతట తాను ఊపిరి తీసుకోడు, చెయ్యి కదపడు. గంటలు గడిస్తేగానీ మామూలు మనిషి కాడు. అదీ అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచితేనే!

కారణం, కండరాలు సడలడానికి ఇచ్చిన సక్సినైల్‌కోలిన్ అనే మందు. మామూలుగా కొద్ది నిమిషాల్లోనే దాని ప్రభావం పోతుంది. రక్తంలోని బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది మరి. కొందరిలో పుట్టుకతోనే ఆ ఎంజైము పనిచేయదు. ఆ మందు ఎక్కించనంతవరకూ వాళ్లు నిక్షేపంగా ఉంటారు. ఈ లోపం మిగతావారిలో కన్నా వైశ్యుల్లో దాదాపు 100 రెట్లు ఎక్కువ.

ఎందుకలా? ఇలాంటి ప్రశ్నల వెంటే తన జీవితాన్ని నడిపించారు డాక్టర్ కుమారసామి తంగరాజ్. పుట్టింది తమిళనాడులో. పేరు తెచ్చుకున్నది మాత్రం హైదరాబాద్‌లో, తార్నాక దగ్గరున్న సీసీఎంబీలో. మనదేశంలో డీఎన్ఏ వేలిముద్రల విద్యకు ఆద్యుడైన లాల్జీ సింగ్ దగ్గర పనిచేశారాయన. తరవాతి కాలంలో సీడీఎఫ్‌డీకి డైరెక్టరూ అయ్యారు.

మొదట ప్రపంచం దృష్టిని తిప్పింది అండమాన్. అక్కడి ఓంగే, గ్రేట్ అండమానీస్ తెగలు వేల ఏళ్లుగా వేరుగా ఉండిపోయిన అతి పురాతన వంశాలని 2005లో తంగరాజ్ బృందం చెప్పింది. 2009లో అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి 25 సముదాయాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించారు. దాదాపు భారతీయులందరూ రెండు ప్రాచీన జనాల కలయికేనని తేలింది. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందట జరిగిందని 2013లో లెక్కగట్టారు. అంటే, ఒకప్పుడు అందరూ అందరితో కలిశారు. తరవాతే ఎవరి గిరి వాళ్లు గీసుకున్నారు!

ఆ గిరే అసలు చిక్కు. కొద్దిమంది పూర్వికులతో మొదలైన కులం తరతరాలుగా తనలో తానే పిల్లనిచ్చి పుచ్చుకుంటే, ఆ కొద్దిమందిలో ఎవరికో ఉన్న లోపం వేలమందికి పాకుతుంది. మా ఇంట్లో మేనరికాల్లేవు, మాకేం భయం అనుకుంటాం. గోత్రం వేరు, ఊరు వేరు, జిల్లాలు వేరు. అయినా వధూవరులిద్దరూ ఒకే పాత తాత వారసులు కావచ్చు. 2017లో వెలువడిన అధ్యయనంలో 263 సముదాయాలను చూస్తే, 81 చోట్ల ఈ ప్రభావం ఫిన్లాండ్ వాసుల్లో, అష్కెనాజీ యూదుల్లో కన్నా బలంగా కనిపించింది. వాటిలో 14 సముదాయాల జనాభా పది లక్షలకు పైనే!

అన్నీ ఒక కులానికే పరిమితమైన లోపాలు కావు. గుండె కండరానికి సంబంధించిన ఓ జన్యువులో 25 అక్షరాలు ఊడిపోవడం నూటికి నలుగురు భారతీయుల్లో ఉంటుందని 2009లో తంగరాజ్ తదితరులు ప్రకటించారు. అలాంటివారికి గుండె బలహీనమయ్యే ముప్పు సుమారు ఏడు రెట్లు. ఐరోపా వారి జన్యువులే చదువుతూ కూర్చుంటే ఇది బయటపడేదా? 2016 నాటికి వ్యాధుల మూలాలు వెదికే భారీ జన్యు పరిశోధనల్లో పాల్గొన్నవారిలో 81 శాతం మంది ఐరోపా సంతతివారే మరి.

ఫలానా కులానికి ఫలానా జబ్బు అని ముద్ర వేస్తారేమోనన్న జంకు సహజమే. అష్కెనాజీ యూదులకూ ఆ జంకు ఉండేది. పిల్లల ప్రాణాలు తీసే టే-సాక్స్ వ్యాధి వాళ్లను పీడించింది. పెళ్లికి ముందే గుట్టుగా రక్తపరీక్షలు చేయించుకునే ఏర్పాటు చేసుకున్నారు. ఎవరి ఫలితం ఎవరికీ చెప్పరు, ఈ జంట కుదురుతుందా లేదా అన్నదొక్కటే చెబుతారు. ఇలాంటి పరీక్షల వల్ల ఆ జబ్బుతో పుట్టే పిల్లలు నూటికి తొంభై వంతులకు పైగా తగ్గిపోయారు. పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లు ఎక్కువైన మన దగ్గరా ఇది సాధ్యమేనన్నది 2017 అధ్యయనం చేసిన సూచన. దానికి ముందు ఏ సముదాయంలో ఏ లోపం దాగుందో చిట్టా తయారవ్వాలి.