నంద్యాల ఎందుకు కలవలేదు?

గుంతకల్లులో రైలెక్కి తూర్పుకు వెళితే డోన్, బేతంచెర్ల దాటాక నంద్యాల వస్తుంది. అక్కడ దిగి ఎస్పీజీ గ్రౌండ్ ఎక్కడని అడగండి, ఎవరైనా దారి చూపిస్తారు. క్రికెట్ మ్యాచ్‌లకీ, బహిరంగ సభలకీ అందరికీ తెలిసిన చోటది. మరి ఎస్పీజీ అంటే? సువార్త వ్యాప్తి కోసం 1701లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఆంగ్లికన్ సంఘం పేరులోని పొడి అక్షరాలవి. ఆంగ్లికన్లంటే బిషప్పుల పాలన ఉన్న చర్చి వాళ్లు. అమెరికాలో ఇదే శాఖను ఎపిస్కోపల్ చర్చి అంటారు.

ఈ సంఘం మన సీమకు వచ్చింది 1850లలో. మొదట్లో కేంద్రం నంద్యాల కాదు... ముత్యాలపాడు, కలసపాడు లాంటి పల్లెలు! క్లే అనే మతబోధకుడు అక్కడే ఏళ్ల తరబడి ఉన్నాడు. చర్చిలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాలపల్లెల వాళ్లు. ఊరి బావి, ఊరి బడి రెండూ అందని వాళ్లు. వాళ్ల పిల్లలకు పలక పట్టించింది చర్చి పంతులే. పగలు బడి చెప్పేదీ, సాయంత్రం ప్రార్థన చేయించేదీ ఆయనే.

తర్వాత కరువొచ్చింది. అలాంటిలాంటి కరువు కాదు. 1876-78 నాటి ధాత కరువు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారంటే ఊహించుకోండి. అంతకుముందు 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గంజి పోసి వేలమందిని బతికించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ధాత కరువు నాటికి దక్షిణాదిలో మిషన్లు కూడా ఆ పనిలో దిగాయి. తిండి కోసమే మతం మారారని ఎత్తిపొడిచేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆకలి ఒక్కటే కారణమైతే వానలు పడ్డాక ఎవరూ మిగలకూడదు కదా!

క్రమంగా నంద్యాల పెద్ద కేంద్రమైంది. హైస్కూలు వచ్చింది. నంద్యాలలో, గిద్దలూరులో మిషన్ ఆసుపత్రులు వెలిశాయి.

అజరయ్య కల

ఎస్పీజీ పల్లెలు 1920ల నాటికి దోర్నకల్ బిషప్ కిందికి వచ్చాయి. ఆ బిషప్ వి.ఎస్.అజరయ్య. తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. 1912లో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. దోర్నకల్‌లో ఆయన కట్టించిన కేథడ్రల్ చూస్తే గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు పక్కపక్కనే కనిపిస్తాయి. దాన్ని 1939లో ప్రతిష్ఠించారు.

ఆయన పట్టుదలంతా ఒక్కదాని మీదే. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, లండన్ మిషన్ వాళ్లు... ఇన్ని ముక్కలెందుకు, అంతా ఒకటే చర్చి కావాలి! 1919లో తరంగంబాడి సమావేశంలో మొదలైన ఆ ప్రయత్నం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఫలించింది. దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ పుట్టింది. చూడటానికి అజరయ్య లేడు. 1945 జనవరి 1న కన్నుమూశాడు.

చిత్రమేంటంటే, ఆయన డయాసిస్‌లోని నంద్యాలలోనే వేలమంది మేం రామన్నారు.

పేచీ ఎక్కడ?

పేచీ పొరుగువాళ్లతోనే. అనంతపురం, గుత్తి, కడప వైపు చర్చిలు లండన్ మిషన్ వాళ్లవి. వాళ్లకు బిషప్పులు లేరు. బిషప్ తలమీద చెయ్యి పెట్టి అభిషేకించని పాస్టర్ ఇచ్చే ప్రభు భోజనం చెల్లుతుందా? సీఎస్ఐ చెల్లుతుందంది. కొత్త సంఘంలో అనంతపురం-కర్నూలు పేరుతో ఒక డయాసిస్ కూడా పెట్టుకుంది. ఇంగ్లండ్‌లో సంప్రదాయ ఆంగ్లికన్లు ఒప్పుకోలేదు. ఎస్పీజీ తన సాధారణ నిధుల నుంచి సీఎస్ఐకి సాయం ఆపేసింది.

పల్లె పంతులు జీతం, బడి, ఆసుపత్రి చాలావరకు ఆ సాయం మీదే ఆధారపడిన రోజులవి. వానల్లేని సీమలో అది చిన్న మాట కాదు. అందుకే దీన్ని ఉత్త సిద్ధాంతాల గొడవ అనలేం. డబ్బు కోసమేననీ తేల్చేయలేం. తాతల కాలం నుంచీ మోకరించిన పద్ధతి మారిపోతుందన్న భయం కూడా నిజమే. ఏమైతేనేం, విశ్వాసులు రెండుగా చీలిపోయారు. కొందరు సీఎస్ఐలోకి వెళ్లారు. మిగతావాళ్లు పాత ఆంగ్లికన్ చర్చిలోనే ఉండిపోయారు.

అలా ఉండిపోయినవాళ్లకు 1963లో నంద్యాల డయాసిస్ ఏర్పడింది. నంద్యాల సీఎస్ఐలో కలిసింది మాత్రం 1975లో. అంటే 28 ఏళ్ల తర్వాత!

రాయలసీమలో సీఎస్ఐకి నేటికీ కడప కేంద్రంగా రాయలసీమ డయాసిస్, దాని పక్కనే నంద్యాల డయాసిస్ విడివిడిగా ఉండటం వెనుక కథ ఇదీ. అనంతపురం, గుత్తిలోని పాత లండన్ మిషన్ చర్చిలు మొదటిదాని కిందికి వస్తాయి. నంద్యాలలోని హోలీ క్రాస్ చర్చి రెండోదానికి కేథడ్రల్.