జర్మన్ వింటున్నారా? చివరి మాట దాకా ఆగండి!

జర్మనీ వెళ్లాలనుకునే మనవాళ్లకి 2024 అక్టోబరులో ఓ మంచి కబురు వచ్చింది. నైపుణ్యం ఉన్న భారతీయులకి ఇచ్చే వీసాల్ని ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకి పెంచుతామని ఆ దేశం ప్రకటించింది. తలుపు పెద్దదైంది సరే, గడప మాత్రం అలాగే ఉంది. ఆ గడప పేరు భాష.

ఇంగ్లిష్‌లో చెప్పే ఎమ్మెస్ కోర్సులకైతే కొద్దిపాటి జర్మన్‌తో నెట్టుకురావచ్చు. నర్సుగా పనిచేయాలంటే మాత్రం సాధారణంగా బీ2 స్థాయి అడుగుతారు. జర్మన్‌లోనే పాఠాలు చెప్పే యూనివర్సిటీ కోర్సుకి చాలాచోట్ల సీ1 కావాలి, లేదా టెస్ట్‌డాఫ్ పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ టీడీఎన్ 4 రావాలి. ఈ పరీక్షలకి చదివేవాళ్లని ఏ విభాగం అంటే భయం అని అడగండి. ఎక్కువమంది చెప్పేది ఒకటే... లిజనింగ్!

కారణం తెలిసిందే. చదివేటప్పుడు అర్థంకాకపోతే వెనక్కి వెళ్లొచ్చు. రాసేటప్పుడు కొట్టేసి మళ్లీ రాయొచ్చు. వినేది మాత్రం చెవిని దాటిందంటే పోయినట్టే. గోథే పరీక్షలో ఈ విభాగం సుమారు 40 నిమిషాలు, 30 ప్రశ్నలు. నూటికి 60 వస్తే పాస్. బీ2లో ఒకటి, మూడు భాగాల ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. రెండు, నాలుగు భాగాలు మాత్రం రెండుసార్లు. ఊరటనిచ్చే విషయం ఏంటంటే, 2024 జనవరి నుంచి సీ1 కూడా మాడ్యూళ్ల పద్ధతిలోకి వచ్చింది. లిజనింగ్‌లో తప్పితే ఆ ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు.

మన చెవికి ఉన్న బలం

అరసవల్లిలో పుట్టి పెరిగినవాళ్లకి జర్మన్ చెవి ఎలా వస్తుందని బెంగపడకండి. ఇందులో ఇంగ్లిష్ చెవి కంటే తెలుగు చెవే ఎక్కువ పనికొస్తుంది.

‘రేపు ఆఫీసరు మన ఊరికి వస్తాడనుకున్నాం గానీ రానేదు.’ ఈ మాటలో అసలు సంగతి ఎక్కడుంది? చిట్టచివర. ‘రానేదు’ అనేదాకా వినకుండా లేచిపోతే కథంతా తలకిందులే. తెలుగులో క్రియ చివర్లో వస్తుందని మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు, చిన్నప్పట్నుంచీ ఆగి వినడం అలవాటే. జర్మన్‌లోనూ ఉపవాక్యాల్లో క్రియ చివరికి పోతుంది. కొన్ని క్రియలైతే రెండు ముక్కలై, ఒక ముక్క వాక్యం మధ్యలో, రెండోది చివర్లో పడుతుంది.

ఉదాహరణకి ‘జాగెన్’ అంటే చెప్పడం. ‘అబ్‌జాగెన్’ అంటే రాలేనని చెప్పడం, రద్దు చేసుకోవడం. ‘ట్సూజాగెన్’ అంటే వస్తానని మాటివ్వడం. ‘ప్రొఫెసర్ మ్యూనిక్‌లో వచ్చే నెల జరిగే సదస్సుకి...’ అని వాక్యం సాగుతూ చివర్లో ‘అబ్’ అని పడితే ఆయన రావట్లేదు. ‘ట్సూ’ అని పడితే వస్తున్నాడు. ఒకే ఒక్క అక్షరం! ప్రశ్నలు తయారుచేసేవాళ్ల కన్ను ఇలాంటి చోట్లే పడుతుంది. ఇంగ్లిష్ అలవాటుతో సగంలోనే జవాబు గుర్తు పెట్టేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. మీరు తెలుగులో విన్నట్టే వినండి.

ఇంకో బలం దీర్ఘాలు. ‘ష్టట్’ అంటే నగరం, ‘ష్టాట్’ అంటే రాజ్యం. ‘మిట్టె’ అంటే మధ్య, ‘మీటె’ అంటే అద్దె. హ్రస్వానికీ దీర్ఘానికీ అర్థం మారిపోవడం పలకా బలపం నాటి నుంచీ మనకి తెలిసిన విద్యే కదా.

ఇక్కడ మాత్రం జాగ్రత్త

అన్నీ ఇంత తేలిక కాదు. మూడుచోట్ల మన చెవికి కొత్తగా పని నేర్పాలి.

మొదటిది, జరిగిందా జరగలేదా అన్నది. ‘హట్టె’ అంటే జరిగిపోయిన సంగతి. ‘హెట్టె’ అంటే జరిగి ఉండేది కానీ జరగలేదు. అంటే ‘ఆ ఉద్యోగం ఒప్పుకున్నాను’, ‘ఒప్పుకునేవాణ్ని’ అనే రెండింటికీ తేడా ఒక్క అచ్చు. ‘వుర్డె’, ‘వ్యుర్డె’ల మధ్యా ఇలాంటి తేడానే. ఈ రెండోదాంట్లో ఉన్న అచ్చు మనకి లేదు. ‘ఈ’ అంటూ పెదాల్ని ‘ఊ’ అన్నట్టు గుండ్రంగా పెట్టండి, అదే ఆ శబ్దం. నోటికి వచ్చిన శబ్దం చెవికి త్వరగా దొరుకుతుంది, అందుకే వినే ముందు పలకడం నేర్చుకోండి.

రెండోది అంకెలు. మనం ‘ఎనభై నాలుగు’ అంటాం, వాళ్లు ‘ఫియర్ ఉంట్ ఆఖ్ట్‌సిష్’, అంటే ‘నాలుగూ ఎనభై’ అంటారు. విన్న వరసలో రాస్తే 48 అయిపోతుంది. ముందు ఎడమవైపు ఖాళీ వదిలి 4 వేయండి, తర్వాత ఆ ఖాళీలో 8 నింపండి. టైముతోనూ ఇదే తంటా. ‘హాల్ప్ ఆఖ్ట్’ వినగానే ఎనిమిదిన్నర అనుకోకండి, అది ఏడున్నర. వాళ్ల లెక్క ఎనిమిది వైపు సగం దారి వచ్చిందని.

మూడోది మాట మళ్లించే పదాలు. ‘ట్స్వార్’ వినపడితే వెనకాలే ‘ఆబర్’ వస్తుందని కాచుకోండి. ‘నిజమే... కానీ’ అని అర్థం. ‘నిష్ట్’ తర్వాత ‘జోన్డర్న్’ వస్తే ‘అది కాదు, ఇది’ అని. ‘ఆలర్‌డింగ్స్’, ‘డెన్నోఖ్’ కూడా ఈ జాతివే. మాట్లాడేవాళ్ల అసలు అభిప్రాయం చాలాసార్లు ఈ పదాల తర్వాతే ఉంటుంది.

ఇంకో చిట్కా. ఆడియోలో వినపడ్డ పదమే ఆప్షన్‌లో కనపడితే వెంటనే టిక్ పెట్టకండి. సరైన జవాబు ఎక్కువగా వేరే మాటల్లో ఉంటుంది. ఆడియోలో ‘ఖర్చులు తగ్గాయి’ అంటే, ఆప్షన్‌లో ‘చౌకైంది’ అని ఉంటుంది.

రోజుకి నలభై నిమిషాలు

గంటలకొద్దీ పాడ్‌కాస్టులు పెట్టుకుని వంట చేసుకుంటే చెవి పదును ఎక్కదు. మూడు నిమిషాల ఆడియో చాలు, కాకపోతే లిఖిత ప్రతి ఉన్నదే ఎంచుకోండి. డాయిష్ వెల్లె ‘నెమ్మదిగా చదివే వార్తలు’ మెట్టుగా పనికొస్తాయి. అక్కడి నుంచి ఎస్‌డబ్ల్యూఆర్ రేడియో సైన్సు కార్యక్రమాలకి, డాయిష్‌లాండ్‌ఫుంక్ వార్తా విశ్లేషణలకి ఎక్కండి. గోథే వెబ్‌సైట్‌లో మాదిరి ప్రశ్నపత్రాలు ఆడియోతో సహా ఉచితం.

ముందు కాగితం చూడకుండా ఒకసారి వినండి. ఎవరు ఏమన్నారు, చివరికి ఏం తేల్చారు అన్నది తెలుగులోనే రెండు వాక్యాలు రాయండి. రెండోసారి ఏదో ఒక అర నిమిషం ముక్క తీసుకుని, ఆపుతూ మాట మాటా రాయండి. ఇప్పుడు లిఖిత ప్రతితో పోల్చండి. ఇక్కడ ఇంజినీరు బుర్ర వాడాలి. తప్పులన్నిటినీ ఒకే గాటన కట్టేయకుండా మూడు గళ్లు గీయండి. పదమే తెలియక తప్పిందా? తెలిసిన పదమే చెవికి అందలేదా? అందినా వాక్యం చివర తప్పిందా? రెండు వారాలయ్యాక ఏ గడి నిండిందో చూడండి. మొదటిదైతే పదాలు నేర్చుకోవాలి. రెండోదైతే ఆడియోతో పాటు గొంతు కలిపి పలకాలి. మూడోదైతే ఆగి వినడం సాధన చేయాలి. జబ్బు తెలియకుండా మందు మింగితే ఏం లాభం?

ప్లేయర్‌లో వేగం తగ్గించడం మొదటి వారం వరకే. ఆ తర్వాత మామూలు వేగం, చివరి వారాల్లో 1.1. ఆడియో హెడ్‌ఫోన్‌లో వస్తుందో, గదిలో స్పీకర్‌లో వస్తుందో పరీక్ష కేంద్రాన్ని బట్టి ఉంటుంది. అందుకే వారానికోసారి ఫోన్ స్పీకర్‌లోనే, ఫ్యాను తిరుగుతుండగా వినండి. అరసవల్లివాళ్లకి ఆదివారం ఇంకా మంచిది. ఆదిత్యుడి దర్శనానికి వచ్చే జనం, ఆటోల హారన్లు, ఆ గోలలోనూ ‘అబ్’కీ ‘ట్సూ’కీ తేడా తెలిసిందంటే పరీక్ష హాలు మీకు ప్రశాంతంగా ఉంటుంది.

హైదరాబాద్ గోథే సెంటర్ కానీ, చెన్నై, బెంగళూరుల్లోని మాక్స్‌ముల్లర్ భవన్ కానీ, మనకి ఏదైనా దూరమే. ఆమదాలవలసలో రాత్రి రైలెక్కి, పొద్దున్నే దిగి సరాసరి హాల్లోకి పరుగెత్తేలా టికెట్ తీసుకోకండి. నిద్రలేని చెవి చివరి అక్షరం దాకా ఆగలేదు. ఒకరోజు ముందే చేరుకోండి. ఫీజు, టికెట్, గది, సెలవు... ఇంట్లోవాళ్లు ఇన్ని సర్దితే గానీ మీరు ఆ కుర్చీలో కూర్చోరు. మరి జవాబు పెట్టే ముందు ఆ ఒక్క సెకను ఆగడానికి తొందరేముంది? వాక్యం పూర్తవనీయండి, అప్పుడు పెన్ను కదపండి.